గేర్‌బాక్సు దింపాక బయటపడిన గుర్తుతెలియని సామాను

పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు: వాహన విభాగం

ప్రశ్న: మాది విజయవాడ, పటమట. ఆరు నెలల క్రితం 2013 మోడలు వ్యాగన్ ఆర్ పెట్రోలు కారును పాత కార్ల వ్యాపారి ఒకరి దగ్గర కొన్నాను. ఈ మధ్య కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇంజను రొద పెరుగుతోంది కానీ బండి వేగం అందుకోవడం లేదు. క్లచ్ పోయిందని ఆటోనగర్‌లో గేర్‌బాక్సు దింపించాము. లోపలి క్లచ్ ప్లేటు మీద కంపెనీ పేరు చెరిగిపోయింది. 318తో మొదలయ్యే ఒక నంబరు మాత్రం కనిపిస్తోంది. క్లచ్‌ను విడదీసే ఫోర్కు తిరిగే షాఫ్టుకు పసుపు రంగు లోహపు బుష్ (షాఫ్టుకు వేసే గొట్టంలాంటి తొడుగు) ఉంది. అన్నిటికన్నా వింతగా, గేర్‌బాక్సు బయట ఉండే క్లచ్ లీవరుకు అసలు కేబులు కాక మరో ఉక్కు తీగ కట్టి, దాన్ని పెద్ద కొబ్బరిచిప్పంత గుండ్రటి డబ్బాకు తగిలించారు. ఆ డబ్బా నుంచి ఒక రబ్బరు గొట్టం ఇంజను వైపు వెళుతోంది. ఇవేవీ కంపెనీ సామాను కాదు, అన్నీ తీసి పారేద్దామని మెకానిక్ గారు అంటున్నారు. ఇవి ఏమిటి? పారేయవచ్చునా?

సమాధానం: ఇప్పుడే పారేయకండి. కొత్త సామాను బిగించి, బండి ఒక వారం రోజులు సజావుగా తిరిగేదాకా, పాత సామానులో ఒక్క వాషరు కూడా షెడ్డు దాటి పోకూడదు. సెకండ్ హ్యాండ్ కారుకు సర్వీసు పుస్తకం చాలాసార్లు దొరకదు. దొరికినా అందులో బయటి షెడ్లలో చేయించిన పని ఉండదు. అంతకు ముందు ఆ బండికి ఎవరు ఏమి చేశారో చెప్పగలిగే దస్తావేజు ఆ పాత సామానే. ఒకసారి మా షెడ్డులో కుర్రవాడు తుక్కుబుట్టలో వేసిన పలుచటి స్పేసరు కోసం, ఆ తుక్కు కొన్న దుకాణానికి మర్నాడు పొద్దున్నే వెళ్ళి రెండు గోనెసంచులు కుమ్మరించి వెతికాము. ఆ స్పేసరు లేకుండా కొత్త బేరింగు సరిగా కూర్చోలేదు. అప్పటి నుంచి విప్పిన ప్రతి భాగాన్నీ విప్పిన వరుసలోనే ఒక రేకు మీద పరిచి, ఫోటో తీసిన తరువాతే కడిగించడం మా షెడ్డులో అలవాటు చేశాను.

ముందు క్లచ్ ప్లేటు సంగతి చూద్దాం. పేరు చెరిగిపోయినా నంబరు మిగలడం మీ అదృష్టం. జర్మనీలోని బ్యూల్ పట్టణంలో 1965లో మొదలై, ఇప్పుడు షేఫ్లర్ సంస్థలో భాగంగా ఉన్న లుక్ కంపెనీకి మన పక్కనే తమిళనాడులోని హోసూరులో కర్మాగారం ఉంది. ఆ కంపెనీ నంబర్లకు ఒక పద్ధతి ఉంది. మొదటి అంకె 1 అయితే అది క్లచ్ ప్లేటును నొక్కి పట్టే ప్రెషర్ ప్లేటు, 3 అయితే క్లచ్ ప్లేటు, 6 అయితే పూర్తి సెట్టు. ఆ తరువాతి రెండు అంకెలు ప్లేటు వ్యాసాన్ని సెంటీమీటర్లలో చెబుతాయి. కాబట్టి 318 అంటే 18 సెంటీమీటర్ల, అంటే 180 మిల్లీమీటర్ల క్లచ్ ప్లేటు అని అర్థం. అయితే నంబరును చూసి వెంటనే నమ్మకండి, ఎందుకంటే వేరే తయారీదారు సామాను మీద కూడా యాదృచ్ఛికంగా అవే అంకెలు ఉండవచ్చు. వెర్నియరుతో గానీ, కనీసం ఉక్కు స్కేలుతో గానీ ప్లేటు అంచు నుంచి ఎదుటి అంచు వరకు కొలవండి. కొలత 180 మిల్లీమీటర్లే వస్తే ఆ నంబరు నిజం చెబుతున్నట్టే. అప్పుడు అది అనామకపు సరుకు కాదు, పేరున్న తయారీదారు బయటి మార్కెట్టుకు ఇచ్చిన ప్లేటు అని చాలావరకు నమ్మవచ్చు.

'కంపెనీది కాదు' అన్న మాటను మన ఆటోనగర్‌లో రెండు అర్థాల్లో వాడతారు. ఈ రెండింటినీ కలిపేయడం వల్లనే చాలామంది డబ్బు నష్టపోతున్నారు. కార్ల కంపెనీ పెట్టెలో రాని సామాను ఒకటి, దొంగ సరుకు మరొకటి. కార్ల కంపెనీలు క్లచ్‌లను చాలావరకు సొంతంగా తయారుచేసుకోవు. లుక్, వాలియో, ఎక్సెడీ, సాక్స్ వంటివారి దగ్గర కొంటాయి. అదే తయారీదారు తన సొంత పెట్టెలో అమ్మితే అది ఆఫ్టర్‌మార్కెట్టు సామాను అవుతుంది కానీ డూప్లికేటు కాదు. ఎవరో తయారుచేసి ఆ పేరు ముద్ర వేసుకుంటే మాత్రం అది డూప్లికేటు.

కారు కంపెనీ పెట్టె దొరికితే దాని మీది నంబరు కూడా మీకు ఉపయోగపడుతుంది. మారుతీ సుజుకీలో 22400తో మొదలైతే క్లచ్ ప్లేటు, 22100 అయితే ప్రెషర్ ప్లేటు, 23265 అయితే పెడలు తొక్కినప్పుడు ప్రెషర్ ప్లేటు స్ప్రింగును నొక్కే రిలీజ్ బేరింగు. హ్యుందాయ్‌లో ఇవే వరుసగా 41100, 41300, 41421. టొయోటాలో 31250, 31210, 31230. హోండాలో 22200, 22300, 22810. ఈ మొదటి ఐదు అంకెలు భాగమేమిటో చెబుతాయి, తరువాతి అంకెలు, అక్షరాలు ఏ మోడలుకో చెబుతాయి. కౌంటరు దగ్గర 'వ్యాగన్ ఆర్ క్లచ్' అని అడిగే బదులు నంబరు మొత్తం రాసిన చీటీ ఇస్తే సగం పొరపాట్లు అక్కడే ఆగిపోతాయి. ఒకే పేరుతో కొన్నేళ్ళ పాటు వచ్చిన కార్లలో ఇంజను మారుతుంది, దానితో పాటు క్లచ్ కొలత కూడా మారవచ్చు.

కొత్త సెట్టు చేతికి వచ్చాక పాత ప్లేటునూ కొత్త ప్లేటునూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి. వ్యాసం, మధ్యలో ఉండే పళ్ళ సంఖ్య, ఆ రంధ్రం వ్యాసం, మధ్య దిమ్మె ఏ వైపు ఎంత ఎత్తు పొడుచుకువచ్చింది అన్న నాలుగూ కలవాలి. స్ప్రింగుల సంఖ్య తేడా ఉన్నంత మాత్రాన కంగారు పడనక్కరలేదు, తయారీదారు మారితే అది మారవచ్చు. తరువాత కొత్త ప్లేటును గేర్‌బాక్సు షాఫ్టు మీదికి చేత్తో ఎక్కించి చూడండి. బరువుగా పట్టకుండా, వదులుగా ఊగకుండా, తన బరువుకు తానే మెల్లగా జారాలి. ఇది పాత ప్లేటుతో పని లేని పరీక్ష. మీకు ముందున్న యజమాని వేసిన ప్లేటే తప్పు కొలతదైతే, దానితో సరిపోల్చి తెచ్చిన కొత్తదీ తప్పే అవుతుంది. అందుకే ఫ్లైవీలు (ఇంజను చివర తిరిగే బరువైన చక్రం) మీద క్లచ్ ఒరిసిన వలయాన్ని కూడా కొలవండి. ఆ వలయం వెలుపలి అంచు ప్లేటు కొలతకు సరిపోకుండా, ఫ్లైవీలు మీద అంతకన్నా వెడల్పైన పాత ఒరిపిడి గుర్తు కనిపిస్తే, ఎప్పుడో ఎవరో చిన్న ప్లేటు వేశారని గ్రహించాలి. అలాంటప్పుడు ప్రెషర్ ప్లేటు బోల్టుల రంధ్రాలు, దాన్ని సరైన చోట నిలిపే డోవెల్ పిన్నులు కూడా సరిగా కూర్చున్నాయో లేదో చూడకుండా ముందుకు వెళ్ళవద్దు.

బిగించే వైపు గురించి కూడా ఒక మాట చెప్పాలి. చాలా ప్లేట్ల మీద 'ఫ్లైవీల్ సైడ్' అనో 'టి/ఎం సైడ్' అనో ఇంగ్లీషులో ఉంటుంది, ఈ టి/ఎం అంటే గేర్‌బాక్సు వైపు. జర్మన్ తయారీ ప్లేట్ల మీద 'గెట్రీబెజైటె' అన్న పొడవాటి మాట కనిపిస్తే దాని అర్థం కూడా గేర్‌బాక్సు వైపే. ప్లేటు తిరగబడితే మధ్య దిమ్మె ఫ్లైవీలు బోల్టులకు తగులుతుంది, పెడలు ఎంత తొక్కినా క్లచ్ విడవదు, గేర్‌బాక్సు మళ్ళీ దింపవలసి వస్తుంది.

పసుపు లోహపు బుష్ ఇత్తడిది. షాఫ్టు తిరిగే చోట అరిగి వదులైతే, అసలు బుష్ దొరకనప్పుడు లేతు మీద ఇత్తడి కడ్డీని తిప్పి వేయడం మన దగ్గర పాత పద్ధతే. ఇది తప్పు కాదు. షాఫ్టును పట్టుకుని పైకీ కిందకీ ఊపండి. కదలిక తెలియకపోతే, లోపలి గోడ మీద గీతలు లేకపోతే, దాన్ని అలాగే ఉంచి కొద్దిగా గ్రీజు రాయించండి. అయితే ఫోర్కు కొనలను మాత్రం జాగ్రత్తగా చూడండి. ఆ కొనలు అరిగినప్పుడు వెల్డింగుతో లోహం పోసి, గ్రైండరుతో ఇష్టమొచ్చినట్టు చెక్కి వదిలేస్తుంటారు. రెండు కొనల ఎత్తులో తేడా ఉంటే బేరింగు ఒక పక్కకు ఒరిగి నడుస్తుంది, కొత్త బేరింగు త్వరగా రొద చేస్తుంది. వెల్డింగు పోసిన ఫోర్కును మార్చించడమే మంచిదని నా అభిప్రాయం.

ఇక ఆ గుండ్రటి డబ్బా. మీరు చెప్పిన ఆనవాళ్ళను బట్టి అది తరువాత బిగించిన ఆటో క్లచ్ కిట్టు. ఎడమ కాలు వాడలేని వారు మామూలు గేర్ల కారును నడుపుకోవడానికి దీన్ని పెట్టించుకుంటారు. పెట్రోలు ఇంజను గాలి పీల్చుకునే మానిఫోల్డులో, యాక్సిలరేటరు వదిలినప్పుడు బలమైన వాక్యూమ్, అంటే పీల్పు, ఏర్పడుతుంది. ఆ రబ్బరు గొట్టం అక్కడి నుంచే వస్తుంది. డబ్బా లోపల డయాఫ్రమ్ అనే రబ్బరు పొర ఉంటుంది. గేరు రాడ్డు మీద చిన్న స్విచ్చి నొక్కగానే ఒక విద్యుత్ వాల్వు తెరుచుకుని, వాక్యూమ్ ఆ డయాఫ్రమ్‌ను లాగుతుంది, అది ఉక్కు తీగను లాగుతుంది, తీగ క్లచ్ లీవరును లాగుతుంది. కాలు చేసే పని ఆ డబ్బా చేస్తుంది. మీ కారు గేరు నాబ్ కింద స్విచ్చి ఉన్న గుర్తు గానీ, అక్కడ నుంచి కార్పెట్టు కిందికి వెళ్ళే సన్నటి వైరు గానీ ఉందేమో చూడండి. అమ్మేటప్పుడు పై స్విచ్చి తీసేసి, కిందివన్నీ వదిలేసి ఉండవచ్చు.

మీ క్లచ్ జారిపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉండే అవకాశం ఉంది. వాడకం లేని ఆ తీగ బిగువుగా ఉండిపోతే, మీరు పెడలు మీద నుంచి కాలు తీసినా లీవరు కొద్దిగా లాగబడే ఉంటుంది. అప్పుడు ప్రెషర్ ప్లేటు పూర్తి బలంతో నొక్కదు, ప్లేటు జారుతూ కాలిపోతుంది. పాత ప్లేటు రివిట్ల తలలు లైనింగు (ప్లేటు మీది ఒరిపిడి పొర) పైభాగం నుంచి ఎంత లోతున ఉన్నాయో వెర్నియరు లోతు కడ్డీతో కొలవండి. కంపెనీని బట్టి 0.3 నుంచి 0.5 మిల్లీమీటర్ల కన్నా తగ్గితే ప్లేటు అరిగిపోయినట్టు లెక్క. లోతు ఇంకా బాగానే ఉండి, లైనింగు నల్లగా మెరుస్తూ, ఫ్లైవీలు మీద నీలం మచ్చలు ఉంటే, ప్లేటు అరిగిపోయి కాక సరిగా పట్టక కాలిందని అర్థం. లైనింగు నూనెతో తడిసి ఉంటే మాత్రం కారణం వేరు. అప్పుడు ఇంజను క్రాంకు షాఫ్టు వెనుక ఉండే నూనె సీలునూ, గేర్‌బాక్సు షాఫ్టు సీలునూ మార్చకుండా కొత్త ప్లేటు వేయవద్దు.

ఈ కిట్టును తీయించేటప్పుడు ఒక్క విషయంలో ఏమరుపాటు పనికిరాదు. ఆ రబ్బరు గొట్టం మానిఫోల్డులో ఎక్కడ కలిసిందో చివరిదాకా చేత్తో తడుముతూ వెళ్ళి చూడండి. కొందరు విడిగా రంధ్రం చేయరు. బ్రేకు తొక్కే బలాన్ని పెంచే బ్రేకు బూస్టరుకు వెళ్ళే గొట్టాన్ని మధ్యలో కోసి టి ఆకారపు జాయింటు పెడతారు. డబ్బాను తీసేసి ఆ టి కొనకు గుడ్డ కుక్కినా, పాత ట్యూబు ముక్క చుట్టినా, వాక్యూమ్ కారిపోయి బ్రేకు పెడలు రాయిలా గట్టిపడుతుంది. బండిని ఆపడానికి చాలా ఎక్కువ బలం కావలసి వస్తుంది. అందుచేత టి జాయింటును పూర్తిగా తీయించి, బూస్టరు గొట్టాన్ని కొత్తది ఒకే ముక్కగా వేయించండి. విడి రంధ్రమే అయితే దానికి బిరడా క్లిప్పుతో సహా బిగించాలి, లేకపోతే ఇంజను నిలకడగా తిరగదు. తరువాత విద్యుత్ వాల్వు వైర్లను కోసి వేలాడదీయకుండా ఫ్యూజు దగ్గరి నుంచి విప్పించండి. చివరగా అసలు క్లచ్ కేబులు ఫ్రీ ప్లేను (క్లచ్ విడవడం మొదలయ్యే ముందు పెడలు ఖాళీగా కదిలే దూరాన్ని) మాన్యువలులో ఉన్నంతకు సరిచేయించండి.

ఒకసారి మీ ఆర్.సి.ని కూడా తీసి చూడండి. దివ్యాంగుల కోసం మార్పు చేసిన వాహనంగా నమోదై ఉంటే, కిట్టు తీసేశాక ఆ వివరం కూడా మార్పించుకోవాలి. బండికి చేసే మార్పుల గురించి, వాటిని ఆర్.సి.లో నమోదు చేయించడం గురించి 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతుంది. బీమా క్లెయిము వచ్చినప్పుడు కూడా ఇదే ప్రశ్న ఎదురవుతుంది. డబ్బాను మాత్రం తుక్కుకు వేయకండి. డయాఫ్రమ్ చిరగకపోతే, ఇలాంటి కిట్లు బిగించే మెకానిక్ ద్వారా అవసరమున్నవారికి అది మళ్ళీ పనికొస్తుంది.

ప్రశ్న: మేము గుంటూరు బ్రాడీపేటలో ఉంటాము. మా నాన్నగారికి పాత ఆల్టో కొన్నాము. క్లచ్ మార్పించినప్పుడు క్లచ్ పెడలు కడ్డీకి, బ్రేకు పెడలు కడ్డీకి రెండు ఇనుప క్లాంపులు బిగించి ఉన్నట్టు తెలిసింది. ఎడమ సీటు ముందు కార్పెట్టు ఎత్తితే నాలుగు బోల్టు రంధ్రాలు ఉన్నాయి. ఇది ప్రమాదానికి గురైన బండి అయి ఉంటుందా?

సమాధానం: ప్రమాదం గుర్తులు కావు. మీ కారు ఒకప్పుడు డ్రైవింగ్ స్కూలు బండి. పక్కన కూర్చున్న శిక్షకుడు క్లచ్, బ్రేకు నొక్కడానికి ఎడమవైపు రెండో జత పెడళ్ళు పెట్టి, వాటిని కడ్డీతో గానీ కేబులుతో గానీ అసలు పెడళ్ళకు కలుపుతారు. శిక్షణ వాహనాలకు ఈ డ్యుయల్ కంట్రోలు ఉండాలని 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనలే చెబుతున్నాయి. అమ్మే ముందు పెడళ్ళు తీసేశారు, క్లాంపులు మిగిలాయి. ఎం‌పరివాహన్ యాప్‌లో బండి నంబరు ఇచ్చి వాహన తరగతి ఏమని ఉందో చూడండి. కాగితాల మీద బండి ఇంకా శిక్షణ వాహనంగానే ఉంటే, రవాణా కార్యాలయంలో ఆ సంగతి తేల్చుకునేదాకా ప్రయాణాలకు వాడవద్దు.

ఆ రెండు క్లాంపులనూ తప్పకుండా తీయించండి. క్లచ్ క్లాంపు బోల్టు నేలకు తగిలితే పెడలు చివరిదాకా దిగదు, కొత్త క్లచ్ వేసినా గేరు గరగరమంటూ పడుతుంది. బ్రేకు క్లాంపు మరింత ముఖ్యం. దాని బోల్టు తల పక్క పెడలును రాసుకుంటే, మీ నాన్నగారు క్లచ్ వదిలినప్పుడు బ్రేకు కూడా కదలవచ్చు. క్లాంపు ఉన్న చోట పెడలు కడ్డీ నొక్కుకుపోయిందా, వెల్డింగు చేశారా అని చూసి, వెల్డింగు ఉంటే పెడలును మార్చించండి. నేలలోని రంధ్రాలకు తుప్పు గీకించి, గ్రోమెట్లు అనే రబ్బరు బిరడాలు పెట్టి సీలెంటు రాయించకపోతే, వానాకాలంలో కార్పెట్టు కింద నీరు నిలుస్తుంది. ఆ బండి మీద ఎంతమంది నేర్చుకున్నారో మనకు తెలియదు. అందుచేత క్లచ్‌తో ఆగకుండా ఇంజను మౌంటులను, మొదటి రెండు గేర్లు సులువుగా పడేలా చేసే సింక్రోనైజర్లను, స్టార్టరు మోటారును కూడా ఒకసారి పరీక్షించమనండి. నేర్చుకునేవారి చేతుల్లో ముందుగా దెబ్బతినేవి ఇవే.

ప్రశ్న: గుంటూరు లక్ష్మీపురం నుంచి రాస్తున్నాను. నా కారుకు మంచి పేరున్న కంపెనీ పెట్టెలో క్లచ్ సెట్టు ఇచ్చారు. పెట్టె తెరిచి చూస్తే ప్రెషర్ ప్లేటు నిండా వెండి రంగు వేసి ఉంది. కొత్తదే అంటున్నారు. నమ్మవచ్చా అండీ?

సమాధానం: అమ్మా, ఆ రంగు ఎక్కడెక్కడ ఉందో చూడండి. పైమూత మీద రంగు ఉండవచ్చు. క్లచ్ ప్లేటును తాకే నున్నటి ఇనుప ముఖం మీద రంగు గానీ, రంగు గీకిన గుర్తులు గానీ ఉంటే అది కొత్తది కాదు. తయారీదారు ఆ ముఖానికి తుప్పు పట్టకుండా పలుచగా నూనె రాస్తాడు, రంగు వేయడు. తరువాత మధ్యలో వేళ్ళలాగా ఉండే స్ప్రింగు కొనలను వెలుతురులో పెట్టి చూడండి. రిలీజ్ బేరింగు నొక్కిన చోట ఒక గుండ్రటి మెరుపు గీత, దానిలో గోరు పట్టేంత గాడి కనిపిస్తే, ఆ సామాను అప్పటికే ఒక కారులో కొన్నేళ్ళు తిరిగి వచ్చింది. వేళ్ళన్నీ ఒకే ఎత్తున లేకపోయినా, లోపలి సన్నటి ఉక్కు పట్టీలు వంగినా, బోల్టు రంధ్రాల చుట్టూ వాషరు ఒరిసిన వలయం ఉన్నా అదే అర్థం. పాత ప్రెషర్ ప్లేట్లను గ్రైండు చేసి, రంగు పూసి, ఖాళీ పెట్టెల్లో పెట్టి అమ్మేవారు ఉన్నారు.

క్లచ్ ప్లేటును చెవి దగ్గర పెట్టుకుని ఊపండి. స్ప్రింగులు గలగలమనడమే కాక, మధ్య పళ్ళ అంచులు వాడిగా కాక నున్నగా అరిగి ఉంటే, అది పాత ప్లేటుకు కొత్త లైనింగు రివిట్లతో వేసినది. లారీలకు, ట్రాక్టర్లకు లైనింగు మార్చడం నిజాయతీగా సాగే పనే. అయితే చిన్న కారు విషయంలో గేర్‌బాక్సు దింపే కూలి ఎక్కువ కాబట్టి అందులో ఆదా ఏమీ మిగలదు. మీకు మాత్రం చెప్పకుండా అమ్మారు, అదే అసలు తప్పు.

ప్యాకింగు చేసి అమ్మే సరుకు మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, ఎం.ఆర్.పి., నెల, సంవత్సరం ముద్రించి ఉండాలని 2011 ప్యాకేజీ వస్తువుల నిబంధనలు చెబుతున్నాయి. చీటీ మీది నంబరు, సామాను మీద చెక్కిన నంబరు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటే తీసుకోవద్దు. షేఫ్లర్ వారి సరుకు అయితే పెట్టె మీది చదరపు కోడును ఆ సంస్థ ఆరిజిన్‌చెక్ యాప్‌తో స్కాను చేసి చూడవచ్చు. బిల్లు మీద 'క్లచ్ సెట్టు' అని మాత్రమే రాయనివ్వకండి. తయారీదారు పేరు, భాగం నంబరు రాయించుకోండి. మీ దగ్గర అటువంటి బిల్లు ఉంటే ఫోటోలతో సహా దుకాణానికి తీసుకువెళ్ళి మార్చమని అడగండి. మార్చకపోతే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫిర్యాదు చేయవచ్చు. ఇదంతా బండికి బిగించక ముందే జరగాలి. ఒకసారి బిగించి తిప్పాక, ఆ గీత ఎప్పటిదో నిరూపించడం కష్టం.

ప్రశ్న: మాది విజయవాడ, గుణదల. మా డీజిలు కారు పాతదే. క్లచ్ ప్లేటుకు అసలు స్ప్రింగులే లేవు. ఇది రేసింగ్ ప్లేటు అని, పాత యజమాని వేయించి ఉంటాడని అంటున్నారు. స్ప్రింగులున్న ప్లేటు తెచ్చి వేయమంటారా?

సమాధానం: ప్లేటు కొనకముందు ఫ్లైవీలును చూడాలి. చాలా డీజిలు కార్లలో డ్యుయల్ మాస్ ఫ్లైవీలు ఉంటుంది. అది రెండు బరువైన చక్రాలుగా ఉండి, మధ్యలో వంపు స్ప్రింగులు ఉంటాయి. లుక్ కంపెనీ 1985 నుంచి వీటిని కార్లకు తయారుచేస్తోంది. ఇంజను కుదుపును ఆ ఫ్లైవీలే తీసుకుంటుంది కాబట్టి, దానితో వచ్చే ప్లేటుకు స్ప్రింగులు తరచుగా ఉండవు. మీది ఆ రకమైతే, స్ప్రింగులు లేని ప్లేటే సరైనది.

తెలుసుకోవడం సులువు. ప్రెషర్ ప్లేటు తీసేశాక, ఫ్లైవీలు వెలుపలి పళ్ళ చక్రం కదలకుండా పట్టించి, లోపలి ఒరిపిడి ముఖాన్ని రెండు చేతులతో అటూ ఇటూ తిప్పండి. స్ప్రింగు బిగువుతో కొద్దిగా తిరిగి వెనక్కి వస్తే డ్యుయల్ మాస్. అస్సలు కదలకపోతే ఒకే ముక్క ఫ్లైవీలు. ఖర్చు తగ్గించుకోవడానికి డ్యుయల్ మాస్ తీసేసి ఒకే ముక్క ఫ్లైవీలు వేసే కిట్లు మార్కెట్లో ఉన్నాయి, వాలియో కూడా అమ్ముతుంది. ఆ కిట్టులో వచ్చే ప్లేటుకు పొడుగ్గా కదిలే స్ప్రింగులు ఉంటాయి. మీ కారులో ఒకే ముక్క ఫ్లైవీలు ఉండి దాని మీద స్ప్రింగులు లేని ప్లేటు ఉంటే, ఎవరో సగం కిట్టు వేశారు. ఐడిలింగులో గేర్‌బాక్సు నుంచి గిలకలాంటి చప్పుడు వస్తుంటే ఇదే కారణం అనుకోవచ్చు. ఈ రెండు రకాల సామానును కలిపి వేయడం ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. రేసింగ్ ప్లేటుకు గుర్తు వేరే ఉంది: దానికి గుండ్రటి లైనింగు బదులు రాగి రంగులో విడివిడి బిళ్ళలు ఉంటాయి, అవి బెంజి సర్కిల్ ట్రాఫిక్కులో కారును కుదిపి కుదిపి కదిలిస్తాయి.

ప్రశ్న: గుంటూరు ఆటోనగర్‌లో పని నేర్చుకుంటున్నాను. క్లచ్‌ను కప్పి ఉండే బెల్ హౌసింగు లోపలి నల్లటి పొడిని ఎయిరు గన్నుతో ఊదేస్తాము. దానివల్ల ఏమైనా ఇబ్బంది ఉంటుందా?

సమాధానం: ఉంటుంది బాబూ, ఈ రోజు నుంచే మానేయి. పేరు తెలియని ప్లేటు లైనింగులో ఏమి కలిపారో చూసి చెప్పలేము. పాత రకం లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. ఆ పొడి ఊపిరితిత్తులలో చేరితే జబ్బు చాలా ఏళ్ళ తరువాత బయటపడుతుంది. ఎయిరు గన్ను ఆ పొడిని షెడ్డు మొత్తం పరుస్తుంది, పక్క బండి దగ్గర పనిచేసేవారు కూడా పీలుస్తారు. సబ్బునీళ్ళు చల్లి పొడిని తడిపి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయాలి. ముక్కుకు, నోటికి పి100 ఫిల్టరు ఉన్న మాస్కు పెట్టుకో, జేబురుమాలు గానీ మామూలు మాస్కు గానీ చాలదు. పని అయ్యాక ఆ బట్టలతోనే ఇంటికి వెళ్ళి పిల్లలను ఎత్తుకోవద్దు, షెడ్డులోనే మార్చుకుని వెళ్ళు.